జులైలో సౌతాఫ్రికా: సఫారీకి సీజన్, వైన్‌కి అన్‌సీజన్

"అక్కడ చలికాలం కదండీ, ఆఫ్ సీజన్, మంచి రేటుకి వచ్చేస్తుంది" అని హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంట్ అనగానే మేం టెంప్ట్ అయిపోయాం. జులై ఆఖర్లో వెళ్దామని ఫిక్స్ అయ్యి అడ్వాన్స్ కూడా కట్టేశాక వాళ్ళు పంపిన ప్లాన్ చూస్తే కేప్ టౌన్‌లో 5 రాత్రులు, క్రూగర్ అనే సఫారీ పార్క్‌లో 2 రాత్రులు, మధ్యలో ఏదో రిసార్ట్‌లో ఒక రాత్రి. పేరెందుకులెండి గానీ వాళ్ళు మాకు అమ్మింది డిసెంబర్‌లో అందరికీ అమ్మే ప్యాకేజీయే, తేదీలు మార్చి రేటు కాస్త తగ్గించారంతే. క్యాన్సిల్ చేస్తే అడ్వాన్స్‌లో కొంత వెనక్కి రాలేదు, పోతే పోయిందిలే అనుకుని మిగతాదంతా మేమే కూర్చుని మళ్ళీ వేసుకున్నాం. కాబట్టి ఇది ఆ ప్యాకేజీ రివ్యూ కాదు, మేం తిరగేసి రాసుకున్న ప్లాన్ రివ్యూ. దీనికి నేను 5కి నాలుగున్నర ఇస్తా, ఆ అర ఎక్కడ తగ్గిందో కింద వస్తుంది.

అసలు సంగతి ఏంటంటే అది ఒకే దేశమే గానీ వానలు మాత్రం రెండు రకాలు. మనకి తెలంగాణలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు పడితే నెల్లూరు వైపు అక్టోబర్, నవంబర్‌లో పడతాయి చూడండి, అలాంటిదే. కేప్ టౌన్ వైపు వానలు చలికాలంలో, అంటే జూన్, జులై, ఆగస్టులో. క్రూగర్ ఉన్న ఈశాన్యం మూలకి వానలు వాళ్ళ ఎండాకాలంలో, అక్టోబర్ తర్వాత. అంటే జులైలో ఒక చివర ముసురు, ఇంకో చివర మబ్బు తునక లేని ఆకాశం. క్రూగర్‌లో గడ్డి ఎండిపోయి, చెట్లు ఆకులు రాల్చి, గుంటలన్నీ ఎండిపోయి జంతువులన్నీ మిగిలిన నీళ్ళ దగ్గరికే రావాలి. సఫారీకి అంతకంటే మంచి టైమ్ లేదు, దోమలు కూడా తక్కువ కాబట్టి మలేరియా భయమూ తక్కువే (లేదని కాదు, అది మలేరియా ఏరియాయే, వెళ్ళే ముందు డాక్టర్‌ని అడగండి). కేప్ టౌన్ పక్కన ద్రాక్షతోటల వైపు చూస్తే పూర్తి రివర్స్, ఆకు ఒక్కటి ఉండదు, ఫోటోల్లో చూసే ఆ పచ్చటి వరసలేవీ ఉండవు. ఏజెంట్ ఇచ్చిన ప్లాన్‌లో 5 రాత్రులు వానలోనూ 2 రాత్రులు ఎండలోనూ ఉన్నాయన్నమాట. మేం దాన్ని తిప్పేశాం, క్రూగర్ 5, వైన్ ఊళ్ళు 3, కేప్ టౌన్ 1.

వెళ్ళింది నలుగురం. నేను, మా ఆవిడ, మా అక్క, బావ. మా ఆవిడకి వైన్ అంటే ఇష్టం, అక్క మందు వాసన కూడా పడనిది, ఆమెకి సింహం కావాలి. నాకు డ్రైవింగ్ కావాలి. బావ మాత్రం "నాకేం వద్దురా, మీరెటు పోతే అటు" అన్నాడు గానీ ద్రాక్షతోటలు అనగానే ఆయన కళ్ళలో ఏదో మెరిసింది. వాళ్ళ నాన్నకి ఒకప్పుడు శంషాబాద్ అవతల ఆరెకరాల ద్రాక్షతోట ఉండేది, అనాబ్ షాహీ. ఎయిర్‌పోర్ట్ వచ్చాక ఆ చుట్టుపక్కల తోటలన్నీ ఏమయ్యాయో మీకు తెలుసుగా, వీళ్ళదీ అంతే, ఇప్పుడక్కడ ప్లాట్లు. ఆయన సంగతి మళ్ళీ చెప్తా, ఈ ట్రిప్‌లో ఎక్కువ లాభపడింది ఆయనే.

బుకింగ్ సంగతి. క్రూగర్‌లో రూములు నడిపేది అక్కడి నేషనల్ పార్కుల సంస్థే, సాన్‌పార్క్స్ అంటారు, నెలల ముందే బుక్ చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా, ఎందుకంటే ఆఫ్ సీజన్ అన్న మాట క్రూగర్‌కి వర్తించదు. జూన్ ఆఖరు నుంచి జులై మూడో వారం దాకా వాళ్ళ స్కూళ్ళకి చలికాలం సెలవలు, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. మేం సెలవలు అయిపోయాక తేదీలు తీసుకున్నాం కాబట్టి నాలుగు నెలల ముందు చూసినా రూములు దొరికాయి. రోజుకి మనిషికి కట్టే ఎంట్రీ ఫీజు విదేశీయులకి 500 రాండ్లు దాటుతుంది, రాండ్ మాకు పడింది ఐదు రూపాయలకి కాస్త తక్కువ, అంటే నలుగురికి ఐదు రోజులంటే దాదాపు 50 వేలు ఉత్త ఎంట్రీకే. ఏ ప్యాకేజీ అయినా తీసుకునే ముందు ఇది కలిపారా లేదా అని అడగండి, మా ఏజెంట్ పేపర్‌లో ఇది అడుగున చిన్న అక్షరాల్లో "అదనం" అని ఉంది. వారం దాటి ఉండేట్టయితే వైల్డ్ కార్డ్ అని ఏడాది పాస్ ఉంటుంది, లెక్కేసుకుని తీసుకోండి.

ఫ్లైట్‌కి మేం దుబాయ్ మీదుగా వెళ్ళి జోహానెస్‌బర్గ్‌లో దిగి, తిరిగి వచ్చేటప్పుడు కేప్ టౌన్‌లో ఎక్కాం, వెనక్కి రాకుండా టైమ్ కలిసొస్తుంది. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా చౌకగా కనిపిస్తాయి గానీ ఆ దేశాలు ఎల్లో ఫీవర్ లిస్ట్‌లో ఉన్నాయి, అక్కడ 12 గంటలు దాటి ఆగితే సౌతాఫ్రికా వాళ్ళు టీకా సర్టిఫికెట్ అడుగుతారు, తిరిగొచ్చేటప్పుడు మన రూల్ ఏంటో కూడా చూసుకోండి. కారుకి మాత్రం ఒక గంట నరకం చూశాం. అద్దె కారు కంపెనీ కౌంటర్‌లో డిపాజిట్‌కి క్రెడిట్ కార్డ్ డ్రైవర్ పేరు మీదే ఉండాలన్నారు, లిమిట్ ఉన్న కార్డేమో మా ఆవిడ పేరు మీద. చివరికి డ్రైవర్‌గా ఆవిడ పేరు రాయించి, నన్ను రెండో డ్రైవర్‌గా ఎక్కువ డబ్బు కట్టి చేర్చుకోవాల్సొచ్చింది. ఆ ముక్క బుకింగ్‌లో ఎక్కడా కనపడలేదు. డ్రైవింగ్ మాత్రం మనకి చాలా ఈజీ, వాళ్ళూ ఎడమ పక్కే, స్టీరింగ్ కుడి పక్కే, రోడ్లు సూపర్. ఉదయమే బయల్దేరి ఎన్4 హైవే మీద టోల్‌గేట్లు కట్టుకుంటూ మధ్యాహ్నం దాటాక క్రొకొడైల్ బ్రిడ్జ్ గేట్‌కి చేరాం.

గేట్ దాటి పది నిమిషాలు కాలేదు, రోడ్డు మీద ఏనుగు. అంతే, బావ ఇంకేం మాట్లాడలేదు. ఇక్కడ ఒక విషయం, క్రూగర్ అంటే దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి జిల్లాలు ఒకట్రెండు కలిపినంత, 1926 నుంచి నేషనల్ పార్క్. లోపల తారు రోడ్లున్నాయి, మట్టి రోడ్లున్నాయి, పెట్రోల్ బంకులున్నాయి, సూపర్‌మార్కెట్ ఉంది, మన సొంత కారులో మనమే తిరగొచ్చు. తారు మీద గంటకి 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40, దాటితే ఫైన్. గుర్తు పెట్టిన చోట్ల తప్ప కారు దిగకూడదు. సాయంత్రం గేట్ మూసే టైమ్‌కి మన రూములుండే క్యాంప్‌లో ఉండాలి, జులైలో అది ఐదున్నర. ఈ ఐదున్నరే ప్లాన్ మొత్తాన్ని నడుపుతుంది, ఎందుకంటే "ఇంకో అరగంట, చిరుత ఉందట" అని ఎవరో చెప్తారు, వాచీ చూస్తే ఐదు, క్యాంప్ ఇంకా ముప్పై కిలోమీటర్లు, అప్పుడు కడుపులో మొదలయ్యే గాభరా ఉంటుంది చూడండి, చిన్నప్పుడు సెకండ్ షో చూసి ఇంటికొస్తున్నట్టు.

మేం లోయర్ సాబీలో 2 రాత్రులు, సటారాలో 2, స్కుకూజాలో 1 ఉన్నాం. ఒక్కటే ఎంచుకోమంటే లోయర్ సాబీ. క్యాంప్ నది ఒడ్డునే ఉంటుంది, డెక్ మీద కాఫీ తాగుతూ కూర్చుంటే ఎదురుగా నీటిగుర్రాలు, క్యాంప్ బయట కొంచెం దూరంలో సన్‌సెట్ డ్యామ్ అని ఒక చెరువు, అక్కడ కారు ఇంజన్ ఆపుకుని గంట కూర్చుంటే చాలు, ఎక్కడికీ తిరగక్కర్లేదు. మన జనానికి ఈ కూర్చోవడమే రాదు, "ఇంకో చోటికి పోదాం పద" అనేది ఒంట్లోనే ఉంది, నాకూ ఉంది. మూడో రోజు నుంచి తగ్గింది. చూడాల్సింది జులైలో నీళ్ళ దగ్గరే ఉంటుంది, పెట్రోల్ తగలేసి మనం దాని వెంట పరిగెత్తక్కర్లేదు.

అన్నిటికంటే గుర్తుండిపోయింది సింహం కాదు (సింహాలు చూశాం, సటారా పక్కన ఎస్100 అనే మట్టి రోడ్డు మీద, అక్క కోరిక తీరింది, రెండు ఆడ సింహాలు గడ్డి రంగులోనే కలిసిపోయి ఎవరో చూపిస్తే గానీ కనపడలేదు). ఎండిపోయిన ఒక ఇసుక వాగు వంతెన మీద ఆగాం. కింద ఒక పెద్ద ఏనుగు ముందు కాలితో ఇసుక తన్నుతోంది, తన్ని తొండంతో ఇసుక తీసి పక్కన పోస్తోంది, కాసేపటికి ఆ గుంట అడుగున తడి వచ్చింది, ఇంకాసేపటికి నీళ్ళు ఊరాయి. తొండం పెట్టి కొంచెం పీల్చి పక్కకి పారబోసింది, మళ్ళీ ఊరనిచ్చింది, అప్పుడు తాగింది. "చెలమ తీస్తాందిరా" అన్నాడు బావ, చాలా మెల్లిగా. "మా అమ్మ గిట్లనే, మొదటి నీళ్ళు మట్టివి పారబోసేది." ఏనుగు తాగి వెళ్ళిపోయాక అప్పటిదాకా దూరంగా నిలబడ్డ ఇంపాలా జింకలు, ఒక అడవిపంది వచ్చి అదే గుంటలో తాగాయి. మా వెనక రెండు కార్లు వచ్చి "ఏముంది, ఏముంది" అని అడిగి, ఏనుగే కదా అని వెళ్ళిపోయాయి. ఇది వానాకాలంలో వెళ్తే కనపడే సీన్ కాదు, అప్పుడు నీళ్ళు అన్ని చోట్లా ఉంటాయి, ఇసుక తవ్వే అవసరమే ఉండదు.

చలి గురించి. పగలు ఒక్క చొక్కా చాలు, 25 డిగ్రీల దాకా వస్తుంది, మన జనవరి మధ్యాహ్నంలాగే. తెల్లారుజామున మాత్రం జోక్ కాదు. క్యాంప్ నుంచి పార్క్‌వాళ్ళే గైడ్‌తో ఓపెన్ బండిలో తీసుకెళ్తారు, మామూలు గేట్ ఆరింటికి తెరిచేలోపే ఇది బయల్దేరుతుంది, చీకట్లో లైట్ వేసుకుంటూ. ఇది ఒక్కసారైనా తీసుకోండి, మనకి కనపడనివి వాళ్ళకి కనపడతాయి. మేం హైదరాబాద్ చలికి కొన్న స్వెటర్లు వేసుకెళ్ళాం, బండి కదిలాక ఆ గాలికి ముక్కు ఉందో లేదో చేత్తో చూసుకోవాల్సొచ్చింది. అక్క ఒక్కతే మంకీ క్యాప్, సాక్సులు, శాలువా అన్నీ తెచ్చుకుంది, బయల్దేరే ముందు నవ్వాం, ఆరింటికల్లా ఆ శాలువాలో ముగ్గురం ఉన్నాం. మంకీ క్యాప్ తీసుకెళ్ళండి, సిగ్గు పడొద్దు. ఆ రోజు మర్రిచెట్టంత చెట్టు కొమ్మ మీద చిరుత, పక్కన వేలాడుతున్న ఇంపాలా కాలు, ఆకులు లేవు కాబట్టే కనపడింది.

కొంచెం డబ్బున్నవాళ్ళు పార్క్ పక్కన ఉండే ప్రైవేట్ రిజర్వుల్లో, సాబీ శాండ్ లాంటి వాటిలో ఉంటారు, మధ్యలో కంచె ఉండదు, అవే జంతువులు ఇటూ అటూ తిరుగుతాయి, వాళ్ళ బండి రోడ్డు దిగి పొదల్లోకి వెళ్ళి చూపిస్తుంది, పార్క్‌లో మనం రోడ్డు దిగకూడదు. రేట్లు చూశాం, మూసేశాం.

క్యాంపుల్లో తిండి గురించి రెండు ముక్కలు. ప్రతి రూమ్ ముందూ బొగ్గుల మీద కాల్చుకునే పొయ్యి ఉంటుంది, బ్రాయి అంటారు, వాళ్ళకి అది పండగ లాంటిది. లోయర్ సాబీలో మాకు అది అంటుకోక ఊదుతుంటే పక్క రూమ్‌లోంచి ఒక పెద్దాయన వచ్చి ముట్టించి పెట్టాడు, మాటల్లో చూస్తే డర్బన్ ఆయన, ఇంటిపేరు నాయుడు. డర్బన్‌లో మనవాళ్ళు 1860 నుంచి ఉన్నారు, మద్రాస్ ఓడల్లో చెరుకు తోటల పనికి వెళ్ళినవాళ్ళ సంతానం, 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆయనకి తెలుగు రాదు, ఆయన భార్య మాత్రం వాళ్ళ నానమ్మ నేర్పిందట, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి చూపించింది, ఏడుని "యేడు" అని గట్టిగా పలికింది. అక్క ఆమె చేతిలో మన పల్లీ చట్నీ పొడి ప్యాకెట్ పెట్టేసింది, మాకు ఆ తర్వాత ట్రిప్ అయ్యేదాకా లేదు. ఇంక అక్కడి మొక్కజొన్న పాప్ మన మక్క గట్క లాగే ఉంది, బిల్టాంగ్ అని ఎండు మాంసం అమ్ముతారు, బావ ఒక ముక్క నోట్లో వేసుకుని "ఇవి మన తునకలే కదరా, ఉప్పు జర తక్కువైంది" అని పావుకిలో కొన్నాడు. శాకాహారులకి రెస్టారెంట్లలో కష్టమే, కానీ రూముల్లో వంట సామాన్లు ఉంటాయి, పార్క్ షాపులో బియ్యం, టమాటాలు, గుడ్లు దొరుకుతాయి. బయట వరండాలో ఏదీ వదలొద్దు, కోతులు ఉన్నాయి, తిరుమల కోతులకి ఏమాత్రం తీసిపోవు. సటారాలో రాత్రిపూట హనీ బ్యాడ్జర్ అనేది వచ్చి చెత్తడబ్బా తిరగేసి పోయింది.

అన్నట్టు ఎండిపోయిన ఆ అడవిలో, క్యాంపుల్లో ఆకు లేని మోడుల మీద గులాబీ రంగు పూలు కనపడతాయి, ఇంపాలా లిల్లీ అంటారు. అక్క చూడగానే "ఇది మన అడీనియం కదూ" అంది. నిజంగానే అడీనియమే, మనం డాబా మీద కుండీల్లో పెంచుకునే దాని చుట్టమే. చలికాలంలోనే పూస్తుంది.

అక్కడి నుంచి క్రూగర్ దగ్గరి ఎయిర్‌పోర్ట్‌లో కారు వదిలేసి కేప్ టౌన్‌కి ఫ్లైట్. దిగేసరికి వాన. హుద్‌హుద్ అంత కాదుగానీ అడ్డంగా కొట్టే వాన, గొడుగు తిరగబడిపోయేది. నా అర పాయింట్ ఇక్కడ తగ్గింది, వాన వల్ల కాదు, రూమ్ వల్ల. కేప్ టౌన్ దగ్గరి వైన్ ఊరు ఫ్రాన్స్‌హూక్‌లో మేం దిగిన గెస్ట్‌హౌస్ ఫోటోల్లో చాలా బాగుంది, చలికాలం డిస్కౌంట్ కూడా బాగా ఇచ్చారు, కానీ గదిలో వేడికి ఉన్నది చిన్న హీటర్ ఒకటే, గోడలు ఐస్ లాగా ఉన్నాయి, బాత్‌రూమ్ నేల మీద కాలు పెట్టాలంటే భయం. అక్కడి ఇళ్ళు మన ఇళ్ళలాగే ఎండకి కట్టినవి, చలికి కాదు. చలికాలంలో బుక్ చేస్తే రూమ్‌లో ఫైర్‌ప్లేస్ ఉందా, ఎలక్ట్రిక్ బ్లాంకెట్ ఉందా అని మెసేజ్ పెట్టి అడిగి మరీ తీసుకోండి, డిస్కౌంట్ చూసి కాదు.

ఫ్రాన్స్‌హూక్ అంటే ఫ్రెంచివాళ్ళ మూల అని అర్థం. ఫ్రాన్స్‌లో మతం పేరుతో తరిమితే పారిపోయి వచ్చిన హ్యూగెనాట్లు 1688లో ఇక్కడ దిగారు, వాళ్ళకి ద్రాక్ష పని వచ్చు. చుట్టూ కొండలు, మధ్యలో లోయ, మేం వెళ్ళినప్పుడు కొండల మీద సగం దాకా మబ్బు. ఇక్కడ వైన్ ట్రామ్ అని ఉంది, 2012 నుంచి నడుస్తోంది, ఒక టికెట్ తీసుకుంటే రోజంతా ఒక తోట దగ్గర దిగి, తాగి, తర్వాత వచ్చేదాంట్లో ఎక్కి ఇంకో తోటకి పోవచ్చు. కొంత దూరం పట్టాల మీద ట్రామ్, మిగతా దూరం బస్సు. చలికాలంలో దీని లాభం ఏంటంటే జనం లేరు. వైన్ పోసే అమ్మాయి మాతో ముప్పావుగంట కూర్చుని మాట్లాడింది, పక్కన కట్టెల మంట, ఎండాకాలంలో వస్తే మీకు పది నిమిషాలు కూడా దొరకవని ఆమే చెప్పింది. ఇంకో ముఖ్యమైన లాభం డ్రైవింగ్ ఉండదు. అక్కడ రక్తంలో ఆల్కహాల్ లిమిట్ 100 మిల్లీలీటర్లకి 0.05 గ్రాములు, ఐదు రకాలు టేస్ట్ చేశాక స్టీరింగ్ పట్టుకునే ఆలోచన పెట్టుకోవద్దు. టేస్టింగ్ ఫీజులు ట్రామ్ టికెట్‌లో ఉండవు, ఏ తోటకి ఆ తోట వేరేగా కట్టాలి.

వైన్ గురించి నాకు పెద్దగా తెలీదు, మా ఆవిడ చెప్పింది రాస్తున్నా. తెల్లదాంట్లో అక్కడ అన్నిటికంటే ఎక్కువ పండించేది షెనిన్ బ్లాంక్, స్టీన్ అని పాత పేరు. దాంట్లో జామపండు వాసన వస్తుంది, నాకే వచ్చిందంటే మీకు కచ్చితంగా వస్తుంది. ఎర్రదాంట్లో పినోటాజ్, అది వాళ్ళ సొంత రకం, 1925లో స్టెల్లెన్‌బాష్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అబ్రహం పెరోల్డ్ రెండు రకాల ద్రాక్షని కలిపి పుట్టించాడు, మొదట దొరికినవి నాలుగే గింజలట, వాటిని ఇంటి తోటలో నాటాడు. కొన్నిట్లో కాఫీ వాసన, కొన్నిట్లో కాలిన కట్టె వాసన. బావ ఒక గుక్క తాగి "పొద్దుగాల కల్లుకీ మాపటి కల్లుకీ ఉన్నంత తేడా ఉంది రెంటికీ" అన్నాడు, ఆ అమ్మాయికి దాన్ని ఇంగ్లీష్‌లో చెప్పమంటే నా వల్ల కాలేదు. మందు తాగనివాళ్ళకి చాలా చోట్ల ద్రాక్షరసం ఇస్తారు, అక్క అదే తాగింది, రుచి మన బజార్ జ్యూస్‌లా తియ్యగా ఉండదు, బాగుంది. చలికాలంలో ఒక జాగ్రత్త, కొన్ని చిన్న తోటలు, రెస్టారెంట్లు ఈ టైమ్‌లోనే కొన్ని వారాలు సెలవు పెట్టేస్తాయి, తెరిచి ఉన్నా టైమింగ్స్ తగ్గిస్తాయి. ఒక తోటకి మేం బుక్ చేసుకుని మరీ వెళ్ళాం, గేట్‌కి తాళం, ఫోన్ చేస్తే ఏదో ప్రైవేట్ ఫంక్షన్ అన్నారు, డబ్బులు తిరిగి ఇచ్చారు గానీ వానలో అరగంట నిలబడ్డాం. ముందు రోజు ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసుకోండి.

ఇప్పుడు బావ సంగతి. స్టెల్లెన్‌బాష్‌లో (1679 నాటి ఊరు, ఓక్ చెట్ల వీధులు, తెల్లగోడల ఇళ్ళు, మా ఆవిడకి బాగా నచ్చింది) మూడో రోజు వాన తెరిపిచ్చింది. మేం టేస్టింగ్‌లో ఉంటే బావ కనపడలేదు. వెతికితే తోటలో, బురదలో, ప్యాంట్ పైకి మడుచుకుని పనివాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. వాళ్ళు తీగెలు కత్తిరిస్తున్నారు. అక్కడ జులై, ఆగస్టు కత్తిరింపు టైమ్, తీగె నిద్రలో ఉంటుంది కాబట్టి. పోయిన ఏటి కొమ్మలన్నీ తీసేసి ఒక్కో పుల్లకి రెండు కళ్ళు (చిగురు మొగ్గలు) వదిలేస్తున్నారు, బ్యాటరీతో నడిచే కత్తెర, కోసిన చోట ఒకాయన వెనకాలే బ్రష్‌తో ఏదో మందు పూస్తూ వస్తున్నాడు. "సూడు, మనోళ్ళు బోర్డో పేస్టు పూసినట్టే" అని నాకు చెప్పాడు. ఇంకో వైపు పాత షెనిన్ తోట, తీగెలకి వైరూ లేదు, పందిరీ లేదు, మోకాలెత్తు మొద్దుల్లాగా నేల మీద కూర్చున్నాయి. బావ వాళ్ళ నాన్న తోటలో రాతి కడీల మీద పందిరి, కింద మంచం వేసుకుని పడుకునేవాళ్ళట.

ఆ పనాయనకి వచ్చిన ఇంగ్లీష్ కొంచెం, బావకి వచ్చింది ఇంకొంచెం, కానీ ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, సగం వేళ్ళతోనే. తర్వాత కారులో బావ చెప్పింది ఏంటంటే, మన దగ్గర తీగె నిద్రపోదు, అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి, పంట మాత్రం ఒక్కటే. వాళ్ళకి ఒకటే కత్తిరింపు, చలి చేసే పని మన దగ్గర కత్తెర చేస్తుంది. కోత మాత్రం మనకీ వాళ్ళకీ ఇంచుమించు ఒకే నెలల్లో, ఫిబ్రవరి, మార్చి, కాకపోతే అది మనకి చలి పోయే టైమ్, వాళ్ళకి ఎండ పోయే టైమ్. నాలుగు టేస్టింగ్‌లు కట్టిన నాకు ఇందులో ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. పచ్చటి ఆకులున్న ఫిబ్రవరిలో వెళ్తే ఫోటోలు బాగా వస్తాయి, నిజమే, కానీ బావ చూసింది ఆకుల వెనకాల ఉండేది. ద్రాక్ష ఎలా పండుతుందో తెలుసుకోవాలన్న ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళు మాత్రం జులైనే వెళ్ళండి, ఫోటోలే కావాలంటే జులై వద్దు.

ఒక రోజు హెర్మనస్ అనే సముద్రం ఊరికి పోయొచ్చాం, సదరన్ రైట్ తిమింగలాలు జూన్ నుంచి నవంబర్ దాకా అక్కడ ఒడ్డుకి దగ్గరగా వస్తాయి, పడవ అక్కర్లేదు, కొండ అంచున నడిచే దారి మీద నిలబడితే కనపడతాయి, మాకు రెండు కనపడ్డాయి, ఒకటి తోక ఎత్తింది. ఏజెంట్ ప్లాన్‌లో ఇది లేనే లేదు, ఆ నెలల్లో మాత్రమే దొరికేదాన్ని వదిలేసి టేబుల్ మౌంటెన్ రెండుసార్లు పెట్టారు. ఆ టేబుల్ మౌంటెన్ మాకు కనపడనే లేదు, ఆఖరి రోజంతా మబ్బు. కేబుల్ కార్‌కి ఏటా చలికాలంలోనే కొన్ని రోజులు మెయింటెనెన్స్ పెడతారు, గాలి ఎక్కువైనా ఆపేస్తారు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని వెళ్ళొద్దు, కనపడితే బోనస్.

మళ్ళీ వెళ్తే ఏం మారుస్తానంటే, క్రూగర్ ఇంకో రెండు రాత్రులు పెంచి, సటారా కంటే పైకి లెటాబా క్యాంప్ దాకా పోతా. కేప్ టౌన్ రాత్రి తీసేసి అది కూడా స్టెల్లెన్‌బాష్‌కే ఇస్తా. ముందు క్రూగర్, తర్వాత వైన్, ఈ ఆర్డర్ మాత్రం మార్చను, తెల్లారుజామున నాలుగున్నరకి లేచే రోజులు ముందు అయిపోవాలి, తాగి పొద్దెక్కేదాకా పడుకునే రోజులు తర్వాత.

వైన్ తెచ్చుకునేవాళ్ళకి, మన కస్టమ్స్‌లో మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ ఉండదు, అంటే మామూలు సీసాలు రెండు, ఇంకా అర లీటర్ మిగులుతుంది. నలుగురం కాబట్టి ఎనిమిది సీసాలు తెచ్చాం, అక్క వాటాగా తెచ్చిన రెండూ తాగేది మా ఆవిడే. సాక్సుల్లో దూర్చి, చీరల్లో చుట్టి చెక్‌ఇన్ బ్యాగుల్లో పెట్టాం, ఒక్కటీ పగల్లేదు. బావ బ్యాగ్‌లో మాత్రం వైన్‌తో పాటు ఒక కత్తెర కూడా ఉంది, బ్యాటరీది కాదు, చేత్తో కోసేది, ఎర్ర పిడి ఉన్నది, స్టెల్లెన్‌బాష్‌లో రైతుల సామాన్ల షాపులో కొన్నాడు. తోట లేదు కదా ఎందుకు బావా అంటే, ఇంటి ముందు కార్ షెడ్ మీదకి పాకించిన తీగె ఒకటుంది కదా, అక్టోబర్‌లో దానికి పని ఉందన్నాడు.